తొమాసా చెప్పిన నిజం

చువిసాబాల్‌లో ముప్పై అయిదేళ్ళలోపు వాళ్ళందరికీ ఏది మంచో ఏది చెడో నేర్పింది తొమాసా ఇష్కోయే. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి శనివారం చర్చి వెనక గదిలో పిల్లల్ని కూర్చోబెట్టి జ్ఞానోపదేశం చెబుతోంది. ఊరంతా ఆవిణ్ణి గౌరవంగా దోన్యా అని పిలుస్తుంది. ఊరి పండగకి ఆడే దేవదూతా సైతానుల నాటకానికి మాటలు కట్టేది కూడా ఆవిడే. సైతాను నోరు విప్పితే జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. దేవదూత అందుకుంటే ఆవలించేవాళ్ళు.

"సైతాను నీకు దగ్గరి చుట్టంలా ఉన్నాడే, దోన్యా!" అని వేళాకోళమాడేవాడు వడ్రంగి బోనిఫాసియో. ముప్పై ఏళ్ళుగా దేవదూత వేషం అతనిది. "వాడికి కారం మాటలు, నాకు చప్పిడి మాటలూనా?"

"మంచివాడికి మాటలు రాయడం కష్టం నాయనా. వాడు చేస్తాడు గాని వాగడు."

ఆ మాట బోనిఫాసియోకి సరిగ్గా సరిపోయేది. బీదవాళ్ళ ఇంట్లో ఎవరు పోయినా అడక్కుండానే శవపేటిక చేసి, తనే మోసుకెళ్ళి ఇచ్చి వచ్చేవాడు.

ఆ ఏడు మే నెలలో, పిల్లలు చర్చిలో మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే పండగ వచ్చింది. ఊళ్ళో ఫొటోలు తీసే ఆయన కాలు విరిగి మంచం పట్టాడు. కొబాన్ పట్నంలో లెయాండ్రో అనే అతను బాగా తీస్తాడని ఎవరో నంబరిస్తే తొమాసా ఫోన్ చేసి రమ్మంది. కాస్త ముక్కుతో మాట్లాడే గొంతు, మర్యాదైన మనిషి.

"ఆదివారం పండగైతే శనివారమే వచ్చేస్తానమ్మా. పిల్లలకి నేను కొంచెం అలవాటైతే బెదిరిపోరు" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే పక్క ఊళ్ళో ఒక పిల్ల కనిపించకుండా పోయింది. పిల్లల్ని ఎత్తుకుపోయి గుండెలు కోసి అమ్ముకునే ముఠా తిరుగుతోందని పుకారు లేచింది. అక్కడి జనం ఇద్దరు పరాయివాళ్ళని పట్టుకుని తగలబెట్టారు. వాళ్ళకి గది ఇచ్చిన ఇల్లాలినీ వదల్లేదు. తప్పిపోయిన పిల్ల కోసం తొమాసా తన పిల్లలందరిచేతా ప్రార్థన చేయించింది. కాలిపోయిన ముగ్గురి కోసం చేయించాలని ఆవిడకి తోచలేదు.

శనివారం సంత. లెయాండ్రో చర్చి పక్క సందులో నీలం దుప్పటి కట్టి, ఎనిమిదేళ్ళ ఇర్మాని దాని ముందు నిలబెట్టాడు. పిల్ల బిగుసుకుపోతే చేతిలో ఒక మిఠాయి పెట్టి నవ్వించి ఫొటో తీశాడు. ఇర్మా ఆ మిఠాయి చప్పరించుకుంటూ వాళ్ళ పిన్ని ఇంటికి పోయింది. టమాటాలు అమ్ముకుంటున్న తల్లి తల తిప్పి చూసేసరికి పిల్ల లేదు.

"నా పిల్ల! అమ్మో, నా పిల్ల!"

ఎవడో పరాయివాడు మిఠాయి ఇస్తుంటే చూశానంది ఒకామె. ఇంక ఆగేదెవరు? చర్చి గంట ఎవరు కొట్టారో ఇప్పటికీ తెలియదు.

తొమాసా పరిగెత్తుకుంటూ వచ్చేసరికి సంతంతా గుమిగూడి ఉంది. మధ్యలో ఒక మనిషి మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. మొదటి దెబ్బ బోనిఫాసియోదని ఆవిడకి తర్వాత తెలిసింది.

"నన్ను పిలిచింది తొమాసా గారయ్యా! ఆవిణ్ణే అడగండి!"

జనం ఆవిడకి దారి ఇచ్చారు. ఆ మనిషి తల ఎత్తాడు. నెత్తురు కారుతున్న ముఖంలో నవ్వు వచ్చింది.

"వచ్చారా తల్లీ! చెప్పండమ్మా వీళ్ళకి. ఫోన్లో మాట్లాడుకున్నాం కదా మనం."

"ఏం దోన్యా, వీడు నీకు తెలుసా?" అని అడిగాడు బోనిఫాసియో. గొంతులో ఎప్పటి మర్యాదే ఉంది. అతని వెనక ఎవరో పెట్రోలు డబ్బా పట్టుకుని నిలబడ్డారు.

పక్క ఊరి ఇల్లాలు తొమాసా కళ్ళ ముందు మెదిలింది. నాలుక దానంతటదే ఒక దారి వెతుక్కుంది.

"ఆ పేరుగల మనిషితో ఫోన్లో మాట్లాడాను. ఈ మనిషిని మాత్రం ఎప్పుడూ చూడలేదు."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ముందు అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నా గొంతు వినండమ్మా. గొంతు గుర్తుపట్టండి!" అన్నాడు ముక్కుతో.

ఆవిడ ఎప్పుడో గుర్తుపట్టింది. తల దించుకుంది. "నువ్వు పద దోన్యా, ఇది నువ్వు చూడకూడదు" అంటూ ఎవరో భుజం పట్టుకుని నడిపించారు. నడిచింది. వంటింట్లోకి పోయి తలుపు వేసుకున్నా ఆ అరుపు వినబడింది. తర్వాత అరుపు ఆగిపోయింది.

అరగంటలో ఇర్మా దొరికింది. పోలీసులు సాయంత్రం వచ్చారు. ఊళ్ళో ఎవర్నడిగినా ఏమీ చూడలేదన్నారు. కాల్చడం తను చూడలేదని తొమాసా చెప్పింది. అదీ నిజమే మరి. మర్నాడు పిల్లలు తెల్లబట్టలు వేసుకుని, సంతలో మాడిన మచ్చని తప్పించుకుంటూ నడిచి, సత్ప్రసాదం తీసుకున్నారు.

సోమవారం బోనిఫాసియో దేవదారు చెక్కతో శవపేటిక చేస్తున్నాడు. తొమాసా వెళ్ళి కొట్టు గుమ్మంలో నిలబడింది.

"నువ్వొక్క మాట అని ఉంటే వాడికి అడ్డంగా నేనే నిలబడేవాణ్ణి, దోన్యా" అన్నాడు అతను తల ఎత్తకుండా.

"నిలబడేవాడివా?"

చిత్రిక ఆగింది.

"ఏమో. తెలీదు" అన్నాడు. మళ్ళీ చిత్రిక పట్టాడు.

శవాన్ని తీసుకుపోవడానికి కొబాన్ నుంచి లెయాండ్రో అక్క వచ్చింది. వెళ్ళేముందు తొమాసా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"మీ గురించి చెప్పాడమ్మా. ఎవరో పెద్దావిడ, ఎంతో ఆప్యాయంగా పిలిచిందక్కా అన్నాడు. ఒక్కటే అడగాలని వచ్చాను. ఆ రోజు వాడు ఏమైనా తిన్నాడా?"

నిజం చెప్పేయాలని తొమాసా నోరు తెరిచింది.

"తిన్నాడమ్మా. మా ఇంట్లోనే. మొక్కజొన్న రొట్టెలు, చిక్కుడుగింజలు. ఇంకో రొట్టె అడిగి మరీ వేయించుకున్నాడు."

ఆ అక్క తొమాసా చేతులు కళ్ళకద్దుకుని ఏడ్చింది. "పోనీలెండి. ఈ ఊళ్ళో ఒక్క మనిషైనా ఉన్నారు" అని లేచి వెళ్ళిపోయింది.

శుక్రవారం తొమాసా, చేసిన పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి చర్చికి వెళ్ళి, సంతలో జరిగిందంతా ఫాదర్‌కి చెప్పింది.

"నువ్వు అబద్ధం ఆడలేదు కదా అమ్మా" అన్నాడాయన. "భయపడ్డావు. భయం మనిషికి సహజం. ఊరికే మనసు పాడుచేసుకోకు. మూడు పరలోక జపాలు చెప్పుకో."

"నన్ను క్షమించకండి ఫాదర్. ఆ మనిషి చచ్చిపోయాడు."

"దేవుడు క్షమించాక వద్దనడానికి నువ్వెవరు? లే తల్లీ. వెనక ఇంకా జనం ఉన్నారు."

లేచి చూసింది. గోడ వారగా వరస వీధి గుమ్మం దాకా ఉంది. ఇర్మా తల్లి ఉంది. డబ్బా పట్టుకున్నవాడు ఉన్నాడు. టోపీ చేత్తో పట్టుకుని బోనిఫాసియో ఉన్నాడు. అందరూ తన దగ్గర నేర్చుకున్నవాళ్ళో, తనతో కలిసి ప్రార్థన చేసినవాళ్ళో. మధ్యాహ్నం భోజనాల వేళకి అందరి పాపాలూ తీరిపోతాయి. ఒక్కొక్కరే ఆవిడకి తలవంచి నమస్కారం పెట్టారు.

ఆ మూడు జపాలు ఆవిడ చెప్పుకోలేదు. చెప్పుకుంటే ఎవరైనా వింటారన్న నమ్మకం కూడా ఆవిడలో మిగల్లేదు. అయినా మర్నాడు శనివారం. పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఆ పని చేయడానికి ఊళ్ళో వేరే ఎవరూ లేరు. తొమాసా ఎప్పటిలాగే పాఠం మొదలుపెట్టింది. ఏది మంచో ఏది చెడో ఆవిడ ఒక్కో మాటా చెబుతుంటే, పిల్లలు చేతులు కట్టుకుని గొంతెత్తి వల్లించారు.