తోడు గదిలోకి ఎవరూ రాకూడదు

ఆ చీజ్ ఫ్యాక్టరీలో పాలు తోడుకోవడం మానేశాయి. పొద్దున్నే తొట్టెల నిండా పాలు పోసి, ల్యాబులో పెంచిన తోడు వేస్తే, సాయంత్రానికి కూడా పాలు పాలలాగే కూర్చుంటున్నాయి. నెలాఖరులోగా ఇది సరికాకపోతే ల్యాబుకు తాళం వేసి, బయటినుంచి ప్యాకెట్ల తోడు తెప్పించుకుంటామని యజమానులు తేల్చి చెప్పారు. అంటే ల్యాబు ఇన్‌చార్జి ఏళ్ల తరబడి కంటికి రెప్పలా కాపాడుకొస్తున్న తోడు బ్యాక్టీరియా కాలవలోకి, ఆమె ప్యాకింగులోకి.

ఆమె గోడు వినవలసిన మేనేజరు స్వయానా ఆమె అక్క మొగుడు. ఫ్యాక్టరీకి సారు, ఆమెకు బావ. మంచివాడే. కాకపోతే లోకంలో ఏ చెడు జరిగినా అది గేటు దాటి వచ్చిందేనని ఆయన నమ్మకం. ఒకసారి వెన్న ఎత్తుకెళ్లినవాడి ఫొటో గేటు పక్కన అతికించాడు. అప్పటినుంచి ఆ గోడ ఆల్బమ్ అయి కూర్చుంది. కాపలావాడితో తగువు పడ్డ లారీ డ్రైవరు, గోడ దూకిన ప్రేమికుడు, చివరికి ఒక పిల్లి, అందరి ఫొటోలూ అక్కడికి చేరాయి. వచ్చిన ప్రతివాడి ముఖాన్నీ కాపలావాడు ఆ ఫొటోలతో పోల్చి చూశాకే లోపలికి వదలాలి.

పాల సంగతి వినగానే బావ కాపలా రెట్టింపు చేశాడు, తోడు పెంచే గది గుమ్మం దగ్గరా ఒక కాపలావాణ్ని నిలబెట్టాడు.

"దొంగ మనిషి కాదు బావా. బ్యాక్టీరియాకు పట్టే వైరస్" అని ఆమె నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. ఆ వైరస్ బ్యాక్టీరియా మీద వాలి, తన జన్యుపోగును లోపలికి తోస్తుంది. లోపల తనలాంటి వాటినే వందలుగా చేయించుకుని, ఇల్లిచ్చినదాన్ని పగలగొట్టుకుని బయటపడుతుంది. బ్యాక్టీరియా చాలావరకు చస్తాయి. ఏ కొన్నో మాత్రం ఆ పోగులోంచి ఒక ముక్క కత్తిరించి, తమ జన్యువుల్లో ఆనవాలుగా దాచుకుంటాయి. మళ్లీ అదే వైరస్ వస్తే, ముక్కతో పోల్చి చూసి తునాతునకలు చేస్తాయి. వాటి పిల్లలకు ఆ ఆనవాలు పుట్టుకతోనే వస్తుంది.

బావ ముఖం చేటంత అయింది. ఇన్నాళ్లకు తన పద్ధతిని అర్థం చేసుకున్నవాళ్లు దొరికారు, వాళ్లు బ్యాక్టీరియా అయితేనేం.

ఆ ఊపులో ఆమె ఇంకో మాట జారింది. కొన్ని బ్యాక్టీరియా, వైరస్ లోపలికి వచ్చిందని తెలియగానే, అది పెరగకముందే తమంతట తామే చచ్చిపోయి పక్కవాటిని కాపాడతాయని చెప్పింది. ఇక చూడాలి. బావ మర్నాడే పనివాళ్లందరినీ నిలబెట్టి త్యాగం గురించి గంటసేపు దంచాడు. కీడు ఎవరివల్ల వస్తోందో వాళ్లే ఆ బ్యాక్టీరియాలాగా తప్పుకోవాలన్నాడు. ఆ బ్యాక్టీరియా కుటుంబాలకు పెన్షన్ వస్తుందా అని బాయిలర్ చూసేవాడు అడిగాడు. మీటింగు అంతటితో ముగిసింది.

ఆమె మాత్రం పాడైన తొట్టెలోంచి ఒక క్యాన్ అడిగింది. అందులో చావకుండా మిగిలినవే ఆమెకు కావాలి. దొంగ ఉన్న పాలను ఇంట్లో పెట్టుకుంటారా అని బావ గునిశాడు గానీ, మరదలు మొహం చూసి ఇచ్చాడు. ఆమె తిండీ నిద్రా మానేసి పెంచింది. ల్యాబు ప్లేటు మీద ఆ బ్యాక్టీరియా ఆవగింజలంత చుక్కలుగా లేచిన రోజు, తలుపేసుకుని ఏడ్చింది.

కొత్త తోడుకు పాలు తోడుకున్నాయి. అయితే వైరస్ కూడా తక్కువది కాదు, మీసం తీయించుకున్న దొంగలాగా రూపు మార్చుకుని మళ్లీ వస్తుంది. అది వచ్చే దారి దొరకాలి. ఆమె అందరి చేతులూ, కోట్లూ, తలుపు పిడులూ దూదితో తుడిచి పరీక్షించింది. ఎక్కడా ఏమీ లేదు. చివరికి బావ తెల్లబూట్ల అడుగు తుడిచింది. ఆ దూది రుద్దిన ప్లేటులో బ్యాక్టీరియా పొర, వైరస్ చంపిన చోటల్లా, జల్లెడలా చిల్లులు పడింది.

అందరూ ఫ్యాక్టరీలో తోడు గది ఉన్న మొదటినుంచి చీజ్ తీసే చివరికి నడుస్తారు. దొంగను వెనకనుంచే పట్టాలని బావ చివరినుంచి మొదటికి వస్తాడు. చీజ్ తీశాక మిగిలిన తేట పారే నేల ఈ వైరస్‌కు పుట్టిల్లు. బావ రోజూ ఆ తేట తొక్కుకుంటూ నేరుగా తోడు గదిలోకి వచ్చి, అంతా క్షేమమేనా అని అడిగేవాడు. 'ఎవరూ లోపలికి రాకూడదు' అని తలుపు మీద ఆమే రాసింది. ఆ 'ఎవరూ'లో బావ తనను ఎన్నడూ కలుపుకోలేదు. రోజూ తలుపు తీసింది కూడా ఆమే. ఆయన మీద కన్నా తన మీదే ఆమెకు ఎక్కువ ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం అక్క ఇంట్లో ప్లేటు బావ ముందు పెట్టి అంతా చెప్పింది. బావ ప్లేటును దీపం కేసి ఎత్తి చిల్లులు చూశాడు.

"బూట్లు మార్చుకుంటే సరిపోదా అమ్మాయ్?"

"ఇవాళ బూట్లు, రేపు పంట్లాం. నువ్వు ఆ గదిలోకి రావద్దు బావా."

రానన్నాడు. కానీ కాళ్లు అలవాటుకొద్దీ అటే పోతాయని, సారును ఆపే ధైర్యం కాపలావాడికి ఉండదని ముగ్గురికీ తెలుసు. అక్క లోపలికి వెళ్లి పెళ్లి ఫొటో, కత్తెర తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది.

"కత్తిరించు. నా భుజం పోకుండా చూసుకో."

మర్నాడు బావ ఎప్పటిలాగే చివరినుంచి మొదటికి నడిచి, తోడు గది గుమ్మం దగ్గర ఆగాడు. తలుపు మీద పెళ్లి దండతో, నిండు జుట్టుతో తనే నవ్వుతున్నాడు.

"ఇది నేనేనంటావా?" అని కాపలావాణ్ని అడిగాడు.

కాపలావాడు నేర్పినట్టే ఫొటో వంకా, మనిషి వంకా మార్చి మార్చి చూశాడు.

"మీరే సార్" అన్నాడు.

బావ వెనక్కి తిరిగాడు. లోపల పాలు తోడుకుంటున్నాయి.