అక్క గొంతు మోసే కూలీలు

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లొచ్చు, తలుపు తీసే ఉంది. మధ్యలో ఎవరైనా నవ్వారో, కథ మళ్లీ మొదటికొస్తుంది.

రిపేరు షాపు నడిపే తుపాను అనే మనిషంటే మాటలా! చచ్చిన టీవీ ముందు నిలబడి దగ్గితే చాలు, బొమ్మ వచ్చేది. ఓసారి తుమ్మితే పక్కింట్లో ఫ్యాను బాగుపడింది. అంతటివాడికీ లొంగనిది ఒక్కటే, సొంత అక్క కంప్యూటరు.

అక్క దర్జీ. ఆమె కుట్టిన జేబులో చెయ్యి పెట్టినవాడికి తియ్యబుద్ధయ్యేది కాదు. గొంతుకి ఆపరేషనై మాట పోయాక, ఆమె ముందే రికార్డు చేసుకున్న గొంతుతోనే కంప్యూటరు మాట్లాడేది. ఆమె టైపు చేస్తే అది పలికేది. ఆ గొంతున్న కార్డు ఆ పాత మదర్‌బోర్డులో తప్ప మరెక్కడా పట్టదు. లెక్కలు చేసే ప్రాసెసరూ ఆ కాలందే. మంచినీళ్లు కావాలని టైపు చేస్తే, ఆ మాట వినిపించేసరికి అక్క తనే లేచి తాగొచ్చేది.

ఈలోగా ఆమె తరఫున బావ జవాబు చెప్పేసేవాడు. చెడ్డవాడేం కాదు పాపం, ఎవరూ మాట్లాడకపోతే ఆయనకి ఊపిరాడదు, అంతే. వీధంతా ఆయన్ని రేడియో బావ అనేది. అలాగే ఆమెకి నచ్చని పరదాలు ఇంటికొచ్చాయి. ఇప్పుడు దర్జీ కొట్టు కొంటానని గొడుగుల వ్యాపారి ఒకాయన ఆ మధ్యాహ్నమే వస్తున్నాడు. అక్కకి అమ్మడం ఇష్టం లేదు. ఆమె "వద్దు" బావ "సరే" కంటే ముందు బయటపడాలి.

తుపాను పొద్దున్నే కొత్త ప్రాసెసరుతో దిగాడు. పాతది రెండు వందల మెగాహెర్ట్జ్‌ది, ఇది ఆరు వందలది. "నువ్వు అనుకునేలోపే పలుకుతుంది చూడక్కా" అన్నాడు. బోర్డు బస్ స్పీడు, అంటే లెక్కలు ప్రయాణించే దారి వేగం, అరవై ఆరు. కొత్తది అడిగేది వంద. వేగం మార్చే చిన్న క్లిప్పుని వంద మీదికి జరిపాడు. పాత బోర్డు తట్టుకుంటుందా అని ఆలోచించే ఓపిక తుపానుకి ఎక్కడిది?

స్విచ్ వేసి, భూతద్దంలోంచి కూలీలను చూశాడు. పాత బోర్డుల మీద కూలీలుంటారని రిపేరు చేసేవాళ్లందరికీ తెలిసిందే. రాగి దారుల వెంట వరసగా, తలా ఒక దీపం నెత్తిన పెట్టుకుని, ప్రాసెసరు చేసిన లెక్కల్ని మోసుకెళ్తారు. ఆ దారినే బస్ అంటారు. కొత్త ప్రాసెసరు అదిలింపుకి వాళ్లు పరుగెత్తారు. తూలారు. ఒకరినొకరు గుద్దుకున్నారు. దీపాలు ఒలికిపోయి ఒక్కొక్కటే ఆరిపోసాగాయి. స్పీకరులోంచి అక్క గొంతు సగం మాట పలికి, మిగతా సగం కోసం తడుముకుని, మూగబోయింది. ఉన్నదీ పోతోందన్నట్టు అక్క మెడ పట్టుకుంది.

తుపాను స్విచ్ కట్టేశాడు. మళ్లీ భూతద్దం పెట్టి చూస్తే, కూలీలు దారి పక్కన కూర్చుని, మిగిలిన దీపాలతో ఆరిన దీపాలు వెలిగించుకుంటున్నారు. ఆ వెలుగులో వాళ్ల మొహాల మీద అలసట కూడా తెలుస్తోంది. సముద్రాన్ని చూసి "ఇంతేనా" అన్న మనిషి, రెండు అరచేతులంత బోర్డు ముందు మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

"మనమే వీళ్ల నడకకి తగ్గాలక్కా" అన్నాడు చివరికి.

ఎంత తగ్గాలని ఆమె కళ్లతోనే అడిగింది. ఆరు వందలది నాలుగు వందలకి దిగుతుందనీ, అయినా పాతదానికి రెట్టింపేననీ చెప్పాడు. కూలీ ఒక్క అడుగు వేసేలోపు పాతది మూడు లెక్కలు చేసేది, ఇది ఆరు చేస్తుంది. క్లిప్పు అరవై ఆరు మీదికి వచ్చింది. తుపాను పుట్టి బుద్ధెరిగాక వేగం తగ్గించడం అదే మొదలు.

కూలీలు లేచి నడిచారు. అదే పాత నడక, తొందరేం లేదు. దీపాలు మాత్రం రెట్టింపు వెలిగాయి. ఆ వెలుగు భూతద్దం దాటి గోడల మీద పడింది. గుండుసూదుల డబ్బా నక్షత్రాల్లా మెరిసింది.

వ్యాపారి వచ్చి కూర్చుని, అమ్ముతారా అని అడిగాడు. బావ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మేది లేదు" అంది స్పీకరులోంచి అక్క గొంతు. బావ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. "ఆగండి, నేనింకా పూర్తి చెయ్యలేదు. కొట్టు నాది. ఏం చెప్పాలన్నా నేనే చెప్తాను."

కొనడానికొచ్చిన మనిషి కోటుకి కొలతలిచ్చి వెళ్లాడు. కొట్టు ఈరోజుకీ నడుస్తోంది.

సాక్షి కావాలా? ఆ వీధిలో రేడియో బావ ఎక్కడని అడగండి, ఎవరైనా చూపిస్తారు. పక్కన అక్క ఉంటే మాత్రం కాస్త ఆగాలి, ఆయన వంతు వచ్చేదాకా.