పదకొండు దెబ్బలు

‘సర్వైవ్’ అనే మాటకు పంతులమ్మ బోర్డు మీద మూడు వాడుకలు రాసింది: గండం గడిచి బయటపడటం, ఉన్న కాస్తతోనే ప్రాణం నిలుపుకోవడం, తనవాళ్లు పోయాక తాను మిగలడం. ఒక్కోదానికి ఒక్కో వాక్యం చెప్పమంటే పెద్దవాళ్ల ఇంగ్లీషు క్లాసంతా నేలచూపులు చూసింది. ఆమెకు ఒళ్లు మండింది.

"మీరు చెప్పండి పెద్దాయనా!" అంది, మనవరాలి పోరు పడలేక క్లాసులో చేరిన పాత గనికార్మికుడితో.

"మూడూ నాకు ఒక్కచోటే జరిగాయమ్మా, విడదీసి చెప్పడం రావట్లేదు," అన్నాడాయన. "గని కూలి పదకొండు మందిమి లోపల ఇరుక్కుపోయాం. ఎంతమంది బతికుంటే పైదాకా పోయే ఇనప గొట్టం మీద అన్ని దెబ్బలు కొట్టాలి. అది మా పద్ధతి. పైవాళ్లు లెక్కపెట్టుకుంటూ తవ్వుతారు. ఆరు రోజులు, ఒక్క సీసా నీళ్లు. గంటగంటకీ నేనే కొట్టా, పదకొండు."

పంతులమ్మకు ప్రాణం లేచివచ్చింది. "అయితే అందరూ బయటపడ్డారన్నమాట!"

"లేదమ్మా. మూడో రోజుకే నేనొక్కణ్ణి మిగిలా."

ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. "మరి పదకొండూ ఎందుకు కొట్టారు?" అని అడిగింది.

"పైన గొట్టానికి చెవులు ఆనించి మా పదకొండు ఇళ్ల ఆడవాళ్లు కూర్చున్నారమ్మా. ఎవరి దెబ్బ ఆపేయమంటారు చెప్పండి?"