పెద్దల జట్టు

ఆదిలక్ష్మి వాకిలి ఊడ్చి, చీపురు ఆడిస్తూ వెనక్కి వెనక్కి నడిచి, తన అడుగులు తానే చెరిపేసుకుంటూ వీధిలోకి వచ్చింది. ఇసుక వాకిలి. చీపురు గీతలు తప్ప దాని మీద ఇప్పుడేమీ లేదు. కాకి వాలినా తెలిసిపోతుంది.

"ఏమే, ఆ వాకిలి ఊడ్చి ఊడ్చి గొయ్యి చేసేస్తావా?" లోపల మంచం మీంచి అత్తగారు వీరాయమ్మ కేకేసింది.

"ఆకులు రాలేయండి అత్తయ్యా."

"మన వాకిట్లో చెట్టెక్కడిదే?"

ఆదిలక్ష్మి చీపురు దడి మీంచి లోపలికి విసిరేసి, అన్నం క్యారేజీ పట్టుకుని కాలవ గట్టెక్కింది.

ఆమె అనుమానం ఒకటే. తను పనికి వెళ్ళిన వేళ ఎవరో ఇంటికి వస్తున్నారు. వచ్చి ముసలామెకి టీవీ ఆట జవాబులు చెప్పిపోతున్నారు.

టీవీలో రోజూ సాయంత్రం ఏడింటికి 'మీ కాలం మా కాలం' అని ఒక కార్యక్రమం వస్తుంది. ఒక బల్ల వెనక ముగ్గురు పెద్దవాళ్ళు, ఇంకో బల్ల వెనక ముగ్గురు కుర్రవాళ్ళు. పెద్దవాళ్ళని ఈ కాలపు సంగతులు ఐదు అడుగుతారు, కుర్రవాళ్ళని వెనకటి సంగతులు ఐదు అడుగుతారు. తెలియక ఏదో ఒకటి కూస్తారు. అదే నవ్వు. ఓడినవాళ్ళ నెత్తిన పిండి కుమ్మరిస్తారు. సమానంగా వస్తే పెద్దరికానికి విలువిచ్చి పెద్దల జట్టే గెలిచిందంటారు.

ఈ ఇంట్లో కూడా రెండు జట్లున్నాయి. ఎనభై నాలుగేళ్ళ వీరాయమ్మది పెద్దల జట్టు. అరవైలో పడిన ఆదిలక్ష్మిది, వేరే దారి లేక, కుర్రవాళ్ళ జట్టు. టీవీలో జవాబు చెప్పకముందే ఇక్కడ చెప్పాలి. గెలిచినవాళ్ళు చెప్పిన కూర మర్నాడు వండాలి. తిరగలి చూపించి ఇదేమిటంటే టీవీలో కుర్రవాళ్ళు నోరు వెళ్ళబెడతారు. ఆదిలక్ష్మికి అది చేతులు కాయలు కాచిన సంగతి. అందుకని ఏడాదిన్నర పాటు ఆదిలక్ష్మే గెలిచింది. రోజూ ఆమెకిష్టమైన వంకాయే ఉడికింది.

నెల్లాళ్ళ కిందట ఒకనాడు, ఓటీపీ అంటే ఏమిటని టీవీలో అడిగారు. "ఫోనుకొచ్చే అంకెలు. అడిగినోడికల్లా చెప్పకూడదు" అంది వీరాయమ్మ, జడ దువ్వించుకుంటూ. దువ్వుతున్న ఆదిలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. ఫోను ఎటు పట్టుకోవాలో తెలియని మనిషి! ఆనాటి నుంచి ముసలామెకి అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. రోజూ సమానం. రోజూ పెద్దల గెలుపు. పొయ్యి మీద రోజూ బీరకాయ.

కూర సంగతే అయితే ఆదిలక్ష్మి పట్టించుకునేది కాదు. కిందటి వారం పలివెల నుంచి ఆడపడుచు రామలక్ష్మి ఫోను చేసి, గురువారం పొద్దున్న ఆటో మాట్లాడుకుని వస్తాను, అమ్మని తీసుకుపోయి ఇక నా దగ్గరే ఉంచుకుంటాను అంది. వీరాయమ్మ ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. కూతురు రమ్మంటే రానని తల్లి ఎలా అంటుంది? ఇక్కడే ఉంచెయ్యండని కోడలు ఆడపడుచు మాటకి ఎలా అడ్డు చెబుతుంది? మూడు రోజులు ఇంట్లో ఆ ఊసే రాలేదు. నాలుగో రోజున వీరాయమ్మే అంది.

"బుధవారం ఆటకి పందెం. నేను గెలిస్తే నా ఇష్టం. నువ్వు గెలిస్తే నీ ఇష్టం."

"దేనికండీ ఇష్టం?"

"తెలీనట్టు అడక్కు."

ఇవాళ బుధవారం.

కొబ్బరి పీచు యార్డులో ఆదిలక్ష్మి నడుముకి పీచు మూట కట్టుకుంది. ముందు రాట్నం తిరుగుతుంటే, వేళ్ళ సందుల్లోంచి పీచు వదులుతూ వెనక్కి నడిచింది. నడిచిన కొద్దీ చేతుల్లోంచి తాడు పుట్టుకొస్తుంది. పొట్టి మనిషి. ఎండకి మాడి చిక్కిన మొహం, పీచు అంటుకుని తెల్లబడ్డ కనుబొమ్మలు. ముప్పై అయిదేళ్ళుగా రోజంతా వెనక్కే నడిచి మడమలు బండబారాయి. వెనక ఏముందో చూడక్కర్లేదు, మడమలకే తెలుస్తుంది. భర్త మంగరాజు కొబ్బరి దింపుకి వెళ్ళేవాడు. తొమ్మిదేళ్ళ కిందట జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. రెండు గదుల కాలనీ ఇంట్లో ఇద్దరు విధవలు మిగిలారు.

"కాలనీ పట్టా ఎవరి పేర్న ఉందే?" పక్క రాట్నం దగ్గర చిట్టెమ్మ అడిగింది.

"అత్తయ్యగారి పేర్నే."

"ఇంకేం మరి. వేలిముద్ర కోసమే తీసుకెళ్తన్నారు. నీ ఆడపడుచు పిచ్చిదేటి?"

ఆదిలక్ష్మికి ఆ మాట కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఇంటి కోసం దిగులు పడుతున్నానంటే ఎవరికైనా చెప్పుకోవచ్చు. సాయంత్రం ఏడింటికి మంచం ఖాళీగా ఉంటే ఎవరితో పోట్లాడాలి, అన్నది ఎవరికి చెప్పుకుంటుంది?

తాడు పేనుతూ మనసులో ఒక్కొక్క ఆధారమే తీసింది. సోమవారం పొయ్యి గట్టు మీద రెండు టీ గ్లాసులు బోర్లించి ఉన్నాయి. మొన్న మంచం కింద వాడపల్లి గుడి ప్రసాదం పొట్లం కనిపించింది. మంచం దిగలేని మనిషికి వాడపల్లి ప్రసాదం నడిచొచ్చిందా? నిన్న దువ్వుతుంటే జుట్టు చిక్కు లేదు. అంటే ఎవరో ముందే దువ్వేరు. ఇదే అన్నిటికన్నా గుచ్చుకుంది.

రెండు గంటలకి రాట్నం ఆపింది.

"తలనొప్పిగా ఉందండి, మేస్త్రిగారూ. గంటలో వచ్చేస్తాను."

మేస్త్రి తాతబ్బాయి కళ్ళజోడు మీంచి చూశాడు. "నీకు తలనొప్పా? ముప్పై ఏళ్ళనుంచి ఇతరులకి తెప్పించడమే చూసేను. వెళ్ళిరా."

వాకిట్లో ఇసుక మీద చెప్పుల అచ్చులున్నాయి. పూలపూల అచ్చు. వీధిలోంచి గుమ్మం దాకా వెళ్ళాయి, తిరిగి రాలేదు. ఆదిలక్ష్మి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, గోడవార నడిచి కిటికీ పక్కన నిలబడింది.

లోపల టీవీ వాళ్ళ నవ్వు వినబడుతోంది, కానీ సన్నగా, డబ్బాలోంచి వచ్చినట్టు. ఎదురింటి కుసుమ మంచం పట్టె మీద కూర్చుని ఫోను ముసలామె మొహానికి ఎదురుగా పట్టుకుంది. కుసుమ మొగుడు మస్కట్‌లో ఉంటాడు. అతనితో మాట్లాడడానికి కొన్న పెద్ద ఫోను అది. సాయంత్రం టీవీలో వచ్చే ఆట అందులో మధ్యాహ్నానికే వచ్చేస్తుందని ఆదిలక్ష్మికి అప్పుడు తెలిసింది.

"ఇంకోసారి వెయ్యమ్మా. ఆ మూడోది."

"నాలుగుసార్లు చూసేరు కదండీ, మామ్మగారూ!"

"చూడనీ. ఇవాళ తప్పు జరక్కూడదు."

ఆదిలక్ష్మి ఇంకేమీ వినలేదు. వినక్కర్లేదు. తప్పు జరక్కూడదట! కూతురి దగ్గరికి పోవడానికి ఎంత కంగారు! నలభై ఏళ్ళు తన చేతి అన్నం తిని, ఆఖరికి మోసం చేసైనా పోవాలా? లోపలికి వెళ్ళి ఇద్దరినీ కడిగేద్దామనుకుంది. కడిగేస్తే పందెం పోతుంది, మనిషి ఎలాగూ పోతుంది. గోడ మీద కరెంటు మీటరు కనిపించింది. ఫ్యూజు పీకేస్తే ఆటే ఉండదు. చెయ్యి అక్కడిదాకా వెళ్ళి ఆగింది. ఆట లేకపోయినా ఆటో వస్తుంది. చెప్పులు చేతపట్టుకునే యార్డుకి తిరిగి వెళ్ళింది. ఆ పూట ఆమె పేనిన తాడు ఒకచోట లావు, ఒకచోట సన్నం.

ఏడింటికి టీవీ పెట్టింది. మంచం తలవైపు దిండెత్తి అత్తగారిని కూర్చోబెట్టింది. ముసలామె కళ్ళలోకి చూడలేదు. తను కింద చాప మీద కూర్చుంది.

మొదటి ప్రశ్న పెద్దలకి. కిరాణా కొట్టు బల్ల మీద నల్ల గళ్ళ చదరపు అట్ట చూపించారు. ఇది ఎందుకు?

"దిష్టి తగలకుండా" అంది వీరాయమ్మ.

ఆదిలక్ష్మి తలెత్తింది. ఫోను చూపించి డబ్బులిచ్చేది అని ఇదే ప్రశ్నకి పది రోజుల కిందట చెప్పింది ఈవిడే.

కుర్రవాళ్ళ ప్రశ్న కుంపటి గురించి. ఆదిలక్ష్మి ఠక్కున చెప్పింది. రెండోది పెద్దలకి. ఫోను తగిలించిన పొడుగాటి కర్ర చూపించారు.

"మామిడికాయలు కొయ్యడానికి."

టీవీలో పెద్దాయన కూడా అలాంటిదే ఏదో అన్నాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆదిలక్ష్మికి నవ్వు రాలేదు. ఏదో ఎత్తు ఉంది ఇందులో.

మూడోది. సామాను తెచ్చిన కుర్రాడు గుమ్మంలో నాలుగు అంకెలు అడుగుతాడు, ఏమిటవి?

"ఆడి పుట్టిన ఏడు. పెళ్ళి సంబంధాలు చూస్తన్నారేమో."

"అత్తయ్యా!" ఆదిలక్ష్మి లేచి నిలబడింది. "కావాలని ఓడిపోతున్నారు మీరు."

"ఎనభై నాలుగేళ్ళదాన్ని. మతిమరుపు."

"మధ్యాహ్నం నాలుగుసార్లు చూసేరు. కిటికీ దగ్గరే ఉన్నాను నేను."

వీరాయమ్మ చేత్తో టీవీ వైపు చూపించింది. "చూస్తే చూసేవులే. ఆట పూర్తి కానియ్యి."

నాలుగోది తప్పు. అయిదోది తప్పు. ఆదిలక్ష్మివి అయిదూ ఒప్పు. టీవీలో పెద్దల నెత్తిన పిండి పడింది.

"గెలిచేవుగా" అంది వీరాయమ్మ. "నీ ఇష్టమేంటో చెప్పు."

ఉండమని నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగింది. అత్తగారి మాటలో ఎత్తు వెతికే నలభై ఏళ్ళ అలవాటు ఊరికే పోతుందా? రేపు రామలక్ష్మి వచ్చినప్పుడు, నేను రాననలేదమ్మా, ఇదే పోనివ్వలేదు అని తన మీద తోసెయ్యడానికా? లేక పొమ్మని తన నోటితోనే అనిపించడానికా? ముసలామె మొహం చూస్తే ఏమీ తెలియలేదు. ముడతల్లో టీవీ వెలుతురు ఎర్రగా, నీలంగా మారుతోంది.

"ఆలోచించుకుని చెబుతానండి."

"ఆయ్" అంది వీరాయమ్మ చిన్నగా. "ఆలోచించుకో."

నోట్లోంచి పళ్ళ సెట్టు తీసి కిటికీ గట్టు మీదున్న నీళ్ళ గ్లాసులో వేసింది. రోజూ అన్నం తిన్నాక తీసేది. అమలాపురంలో కట్టించిన నాటి నుంచీ అది లేకుండా ఎవరికీ కనబడదు. "చారన్నం మెత్తగా కలిపి తే. నమిలే ఓపిక లేదు" అని గోడవైపు తిరిగి పడుకుంది. పళ్ళు లేని నోట మాట పసిపిల్ల మాటలా వచ్చింది.

ఆదిలక్ష్మి వంటగదిలో చారు వెచ్చబెట్టింది. అన్నం పిసుకుతుంటే చెయ్యి నెమ్మదించింది. పోవాలనుకున్న మనిషి ఓడిపోదు. ఉంటానని కూతురికి చెప్పలేదు, ఉంచుకోమని కోడల్ని అడగలేదు. అడగకుండానే ఉండిపోవాలంటే ఓడిపోవడం ఒకటే దారి. అందుకే నాలుగుసార్లు చూసింది. ఒప్పు జవాబు పొరపాటున కూడా నోటి వెంట రాకూడదని. వెనక్కి చూస్తే దారంతా తెలిసినట్టే ఉంది ఇప్పుడు. మరి తను ఆలోచించుకుంటానంది దేనికి?

గిన్నె పట్టుకుని గుమ్మంలోంచే చెప్పేసింది.

"మీరు ఎక్కడికీ వెళ్ళరు, అత్తయ్యా. అదే నా ఇష్టం. వదినకి నేనే చెబుతాను, పందెం ఓడిపోయేరని."

వీరాయమ్మ ఇటు తిరగలేదు.

"వినబడిందని తెలుసు లెండి. నా చేత రెండుసార్లు చెప్పించుకుందామని."

టీవీలో ఎవరో డాన్సు చేస్తున్నారు. ఆదిలక్ష్మి దాన్ని ఆపేసింది. దగ్గరకొచ్చి, ఈసారి కొంచెం గట్టిగా, రెండోసారి చెప్పింది. ముసలామె కనురెప్పలు కదులుతాయేమో, పెదవి చివర నవ్వు దాచుకుంటోందేమో అని వంగి చూసింది. ఇంకా వంగింది. గిన్నె కింద పెట్టి అరికాలు పట్టుకుంది. అరికాలు వెచ్చగానే ఉంది. కాలి వేలు నొక్కితే మాత్రం ఎప్పుడూ లాక్కునే మనిషి లాక్కోలేదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. చాలాసేపు పెట్టింది. అప్పటికి కూడా ఆమెకి పూర్తిగా నమ్మకం కలగలేదు.

కుసుమ ఫోనులోంచే పలివెల కబురు వెళ్ళింది. తెల్లవారి రామలక్ష్మి తను మాట్లాడుకున్న ఆటోలోనే వచ్చి, తల్లి మీద పడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని ఆదిలక్ష్మి చెయ్యి పట్టుకుంది.

"నిన్న ఏమందే? నా దగ్గరికి వస్తానందా, రానందా? నిజం చెప్పు."

కుసుమ పక్కనే నిలబడి ఉంది. ఏదో చెప్పబోయింది. ఆదిలక్ష్మి ఆమె వంక ఒక్క చూపు చూసింది.

"వస్తానన్నారండి, వదినా. చీర కూడా తీసి ఉంచమన్నారు."

రామలక్ష్మి తల ఊపి, మళ్ళీ ఏడవడం మొదలెట్టింది. మగవాళ్ళు వాకిట్లో పనులు చూస్తున్నారు. ఇసుక నిండా ఎవరెవరివో అడుగులు, ఒకదాని మీద ఒకటి.

పదకొండింటికి తీసుకువెళ్ళిపోయారు. ఆదిలక్ష్మి గది కడగడానికి నీళ్ళు తెచ్చుకుని, బకెట్టు దించి, కిటికీ వైపు చూసి ఆగిపోయింది. కంగారులో అందరూ మరిచిపోయారు. గట్టు మీద గ్లాసు ఉంది. ఎండ సూటిగా నీళ్ళలోకి దిగుతోంది. అడుగున పళ్ళ సెట్టు, పైవరసా కింది వరసా కొంచెం విడిపోయి, చిన్న చిన్న బుడగలు పట్టి ఉంది.