తేలికపాటి సంగీతం

మధ్యాహ్నం భోజనాలయ్యాక రేడియోలో తేలికపాటి సంగీతం వేసేవారు. మాటల్లేవు, తాళం లేదు. ఏ మిషన్లలో పుట్టేవో గానీ, ఆ స్వరాలు పాల మీద మీగడ కట్టినంత నెమ్మదిగా గదంతా పరుచుకునేవి. పేరు పెట్టినవాళ్ల నోటి చలవ, అది మోగినంతసేపూ ఊళ్లో బరువులు తగ్గేవి. బీరువా జరపాలన్నా, సిమెంటు బస్తా మేడెక్కించాలన్నా అందరూ ఆ వేళకే ఆగేవాళ్లు. ఆరేసిన బట్టలకు మాత్రం రెండేసి క్లిప్పులు పెట్టుకోవాలి, లేదంటే పక్కింటివాళ్ల పాలే.

ఇస్త్రీ చేసే ఆవిడ మొగుడు సామాన్లు మోసే మనిషి. అందరూ కొండ అనేవారు, మనిషీ అలాగే ఉండేవాడు మరి. లారీ మీంచి పడ్డాక నడుం బాగుపడింది గానీ, కాళ్లు అతన్ని మోయలేమని మొరాయించాయి. సొంత బరువుతో నిలబడకపోతే ఇక మంచమే గతి అని డాక్టరమ్మ చెప్పేసింది.

రేడియో మోగితే కొండ లేచేవాడు, కిటికీ దాకా నడిచేవాడు కూడా. ఏం లాభం? చివర్లో అనౌన్సరమ్మ గొంతు సవరించుకోవడం వినపడగానే కుర్చీలో కూలబడేవాడు. బరువంతా ఒక్కసారి మీద పడుతుందని హడలు. పెళ్లాం బతిమాలింది, తిట్టింది, అలిగింది.

"ఊళ్లోవాళ్ల బీరువాలన్నీ మోశావు, నీ బరువుకే భయమేంటి బావా?" అంది.

అతను తల వంచుకున్నాడు.

ఇంతలో ఆ కార్యక్రమం ఎత్తేస్తున్నారని తెలిసింది. మాటలే లేని పాటలు ఎవడు వింటాడని పైవాళ్లు అన్నారట. చెవుల్లో సీసం పోసుకున్నారు కాబోలు!

ఆఖరి రోజు ఆవిడ పని ఆపేసి భర్త ఎదురుగా నిలబడింది. సంగీతం మొదలైంది. మడతపెట్టిన చొక్కాలు బల్ల మీంచి జానెడు లేచాయి. కొండ కిటికీ దగ్గరికి నడిచాడు. స్వరాలు పలచబడి, ఇంకా పలచబడి, ఫ్యాను చప్పుడులో కలిసిపోసాగాయి. అనౌన్సరమ్మ గొంతు కోసం ఇద్దరూ చెవులు రిక్కించారు. అనౌన్సరమ్మేమో ఏడుపు దిగమింగుకుంటూ స్టూడియోలో మైకు ముందే కూర్చుండిపోయిందట, పలకనే లేదు.

అలాంటి సంగీతం ఎక్కడ ఆగిందో ఎవరు చెప్పగలరు? వీధి వీధంతా ఇంకా వింటూనే ఉంది. ఎంతసేపటికో ఇస్త్రీ ఆవిడ బల్ల వైపు చూసింది. చొక్కాలు కిందికి దిగి ఉన్నాయి. అనుమానమొచ్చి ఇస్త్రీపెట్టె ఎత్తబోతే బరువుకు చెయ్యి లాగేసింది. అరిస్తే పడిపోతాడేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కొండ కాళ్ల వైపు చూసుకున్నాడు. అరికాళ్లు నేలకు గట్టిగా ఆనుకుని ఉన్నాయి.

"ఏమే, నేనింత బరువుంటానా?" అన్నాడు, గుడికి మొదటిసారి వచ్చినవాడిలా గొంతు తగ్గించి.

ఇంకో అడుగు వేశాడు.