పంచవర్ణమ్మ కట్టించిన గోడ

మా ఇంటి ముందున్న కమానుల తిన్నెను పెళ్ళయిన మర్నాటి నుంచీ కడుగుతున్నది నేనే. కూర్చునేది మాత్రం మగవాళ్ళు. మామ అక్కడే పేపరు చదివేవాడు. ఈ తమిళ ఊళ్ళో పెన్నాగరం బస్సు కోసం వచ్చిన ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా స్తంభానికి ఆనుకుని కునుకు తీసేవాళ్ళు. నేను చీపురు పట్టుకుని ఒక్క నిమిషం నిలబడితే చాలు, "లోపల పనేం లేదా?" అని మామ గొంతు లేచేది.

పెద్దది పుట్టిన ఎండాకాలం, వంటగది సెగకి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే మా అత్త పంచవర్ణం చూసింది. మామ ఊళ్ళో లేని రోజు మేస్త్రీని పిలిపించి చివరి కమానుకు నడుమెత్తు గోడ కట్టించింది. మామ వచ్చి రంకెలేశాడు. "కట్టించినాను. ఇంక ఆడోళ్ళు ఆడ కూచుంటారు. మీరు ఆ పక్కకి తిరుక్కోండి" అంది అత్త.

ఆ గోడ చాటునే గాలికి కూర్చుని బిడ్డకు పాలిచ్చాను. ఈ ఇంట్లో వేడన్నం వేడిగా తిన్నది అక్కడే. అత్తా నేనూ వీధిని చూస్తూ, పోయేవాళ్ళ నడకల్ని వెక్కిరిస్తూ పడీపడీ నవ్వేవాళ్ళం. అత్త పోయినా అక్కడ కూర్చుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండినట్టుంటుంది.

ఇప్పుడు ఈ ఇంటిని పాత కట్టడంగా కాపాడాలని ఇలక్కియా అనే ఆర్కిటెక్టు వచ్చింది. కమానులన్నీ కొలిచి మురిసిపోయింది. చివరి దాని దగ్గర ఆగి, "ఈ గోడ తర్వాత కట్టింది అక్కా, తీసేయాలి" అని తమిళంలో అంది.

"కొట్టేయండి మేడమ్. మా అమ్మ చాదస్తం అది" అన్నాడు నా మొగుడు గోవిందరాజ్. నా వైపు తిరిగి, "నువ్వు కాఫీ చూడు పో" అన్నాడు.

నేను పోలేదు.

"కమానులు ఈయన తాత కట్టించినాడు. ఈ ఇంట్లో ఒక ఆడమనిషి కట్టించింది ఇదొకటే. దీన్ని కొట్టేసి ఇంక ఏం కాపాడతావు, చెప్పమ్మా?"

ఇలక్కియా గోడ మీద చెయ్యి పెట్టింది. "తర్వాత కట్టినవన్నీ తీసేయాలని లేదులే అక్కా. ఇది ఉంటుంది. కట్టించినామె పేరు చెప్పండి" అంది.

చెప్పాను. చెప్తుంటే ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని వెళ్ళి, వీధికి ఎదురుగా, నడిమి కమాను కింద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

"అందరూ చూస్తా ఉండారు, లోపలికి రా" అన్నాడు గోవిందరాజ్.

"చూడనీ."

ఆ గోడ చాటు నాకిక అక్కర్లేదు. అక్కర్లేకుండా చేసింది ఆ గోడే.