అంచు పక్కన చోటు

అయినా ఆ పిల్ల అన్నీ అలా ఎలా విసిరేసింది? చేతిలో కర్ర, లావుపాటి తొడుగులు, మొహానికి కట్టుకున్న ముసుగు, ఒకదాని వెనక ఒకటి గాలిలోకి. అవి ఎక్కడ పడ్డాయో తిరిగి కూడా చూడలేదు. మోకాళ్ల మీద మంచులో కూలబడి ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. ఉన్నదంతా వాడేసిన మనిషికే అలా విసిరేయడం చేతనవుతుందేమో.

"కళావతీ, కండె పొంగుతుంది చూడు. యాడున్నవమ్మా?" అంది వదిన యాదమ్మ.

కళావతి ఉలిక్కిపడి రాట్నం ఆపింది. కండె అంచు దాటి పట్టుదారం జారిపోయి ఒళ్లో చిక్కులు పడి ఉంది.

నిన్న సాయంత్రం పక్కింటి రామస్వామి పిలిస్తే వెళ్లి టీవీలో చూసిన వార్త అది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు మంచు హాకీ పెట్టడం ఇదే మొదటిసారట. కాళ్లకు కత్తుల్లాంటివి కట్టుకుని జారుతూ ఆడుతున్నారు. "చూసినవా, నీ ఆటనే" అన్నాడు రామస్వామి. "వాళ్లు నీళ్లు గడ్డగట్టిచ్చి ఆడుతున్నరు. మనకు గద్వాలల తాగేతందుకే దొరకవాయె." ఇంట్లో వాళ్లంతా నవ్వారు, కళావతీ నవ్వింది. కాని ఆమె కళ్లు గెలిచిన జట్టు గోల్‌కీపరు మీదే ఉన్నాయి. ఒకప్పుడు తను కూడా గోల్‌కీపరే.

లోపలి గదిలో మగ్గం చప్పుడు ఆగింది. అన్న బాలకిష్టయ్య గొంతు, ఆయన కూతురు రాధ గొంతు పెనుగులాడుతున్నాయి.

"ఎనిమిదింటికి బస్సు నాయినా. వనపర్తిల హాకీ సెలక్షన్లు ఇయ్యాల ఒక్కదినమే."

"చీర దిగినంక పోదువు."

"చీర దిగెతందుకు ఇంక వారం పడ్తది. అప్పుడు పోయి ఖాళీ గ్రౌండుల ఉరకాల్నా?"

"నోరు జర తక్కువ చెయ్యి. పెండ్లోళ్లు చీరకు ఎదురుజూస్తున్నరు. సగం చీరల చెయ్యి మారుస్తరా ఎవరన్న?"

కళావతి చేతిలోని దారం తెగింది. చీర దిగినంక. పదహారేళ్ల కింద ఆ గదిలోనే, ఆ మగ్గం గుంటలోనే కాళ్లు పెట్టుకుని కూర్చుని, తండ్రి సీతారాములు ఆమెతో అన్న మాట అదే.

గద్వాల చీరకు నడుమ నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగుకు పోగు ముడిపడాలి. మగ్గం మీద కూర్చున్నవాడు దారం మోసే నడుమ నాడె ఆడిస్తే, అంచు పక్కన కూర్చున్న మనిషి అంచు నాడె అందించాలి. ఇద్దరి చేతులకూ ఒకటే దెబ్బ, ఒకటే ఊపిరి. ప్రతి చేతికీ దాని బిగువు దానికుంటుంది. చెయ్యి మారితే ఆ జోడింపు గీతలో తెలిసిపోతుంది. అందుకే ఆ వీధిలో జ్వరం వస్తే మగ్గం ఆపుతారు గాని, సగం చీరలో మనిషిని మార్చరు.

కళావతి చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన ఆ చోట్లోనే కూర్చుంది. నాడె బయలుదేరక ముందే ఆమె కన్ను అది వచ్చే చోట ఉండేది. బడిలో డ్రిల్లు టీచరు విజయమ్మ ఆ కన్ను గుర్తుపట్టి, హాకీ కర్ర చేతికిచ్చి గోల్‌లో నిలబెట్టింది. కాళ్లకు కట్టుకునే ప్యాడ్లు కొనే దిక్కు లేకపోతే సీతారాములే గోనెసంచి కోసి, మగ్గం కింద పోగైన తుక్కునూలు కూరి, తన చేత్తో కుట్టి ఇచ్చాడు. "ఇగ తుపాకి గుండొచ్చినా తాకదు బిడ్డా, పో" అన్నాడు. ఆ ప్యాడ్లతోనే నాగర్‌కర్నూల్‌లో కంకరరాళ్ల గ్రౌండు మీద ఆడింది. వనపర్తిలో జిల్లా జట్టుకు ఎక్కింది. ఆ తరువాత రాష్ట్ర జట్టు. జనం ఆమెను గోడ అన్నారు. రాష్ట్ర జట్టు జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచిన ఏడాది గద్వాల స్టేషన్‌లో మెడలో దండలు వేసి ఊరేగించారు.

ఆ దండల కింద ఏముందో ఆమెకొక్కతికే తెలుసు. సెమీఫైనల్లో ఒక పంజాబు పిల్ల కొట్టిన బంతిని ఆమె చూడనే లేదు. అది బయలుదేరడమే తెలియలేదు. తండ్రి కుట్టిన ప్యాడ్‌కు ఠప్పున తగిలి బయటికి పోయాకే, ఓహో బంతి వచ్చిందా అనుకుంది. అందరూ ఆమెను ఎత్తుకుని గంతులేశారు. ఆమె లోపల మాత్రం ఏదో మెల్లగా చల్లబడింది. తన కన్ను అందుకోలేని బంతి ఒకటి లోకంలో ఉంది.

కొన్నాళ్లకు దేశపు జట్టు శిబిరానికి బెంగుళూరు రమ్మని పిలుపు వచ్చింది. మగ్గం మీద చీర సగంలో ఉంది.

"చీర దిగినంక పోదువు బిడ్డా" అన్నాడు సీతారాములు. అని, నాడె పట్టుకుని ఆమె మొహంలోకి చూశాడు. ఎంతోసేపు చూశాడు. ఆ చూపు ఆజ్ఞ కాదని, అడగడమని ఆమెకు అప్పుడే తెలుసు. లేదు నాయినా, ఇయ్యాలనే పోత అంటే చాలు, ఆయన మగ్గం ఆపేసేవాడు. ఆమె అనలేదు. నెత్తి మీది నీళ్ల బిందె ఎవరో దించినట్టు భుజాలు తేలికయ్యాయి. తల వంచుకుని అంచు నాడె అందుకుంది. చీర దిగేసరికి శిబిరంలో ఆమె చోట ఇంకొకరు నిలబడ్డారు.

కూతురి బతుకును చీర కోసం ఆపిండని వీధి వీధంతా సీతారాములును ఆడిపోసుకుంది. ఆమె కాదనలేదు. ఆయనా కాదనలేదు. చివరి రోజుల్లో గోడకు వేలాడే ప్యాడ్లు కంటబడితే అటు తిరిగి పడుకునేవాడు. పెళ్లయి వనపర్తి పోయి, భర్త పోయాక తిరిగి వచ్చిన కళావతి ఆ చోట్లో మళ్లీ కూర్చోలేదు. కండెలు చుడతానంది. తండ్రి మీద కోపమనుకున్నారు. కోపమైతే ఎప్పుడో చల్లారేది.

ఆమె లేచి గది గడపలో నిలబడింది. రెండు జడలు బిగించి కట్టుకున్న రాధ అంచు పక్కన కూర్చుని నాడెను వేళ్ల మధ్య తిప్పుతోంది.

"నువ్వు గిట్ల జూడకు కళావతీ" అన్నాడు బాలకిష్టయ్య. "నాయినను అన్నట్లే నన్ను గూడ అంటరు. అననీ. దానమ్మకు జరీ పోగు కంటికానదు. నేనేమన్న నాలుగు చేతుల దేవున్నా?"

"నా కండ్ల ముచ్చట ఎందుకు మధ్యల?" అంది యాదమ్మ వెనక నుంచి. "నువ్వు చేసే తప్పులు మంచిగనే కానొస్తయి నాకు."

రాధ ఫక్కున నవ్వింది. నవ్వు ఆగాక, "సెలక్షన్లకు పెబ్బేరు నుంచి పిల్ల ఒకామె వస్తుందంట అత్తా" అంది. "మస్తు ఉరుకుతదంట. ఆమె ముందర ఎవ్వరు నిలవరంట."

"నువ్వు చూసినవా?"

"లేదు. అంటున్నరు." రాధ తలుపు వైపు చూసింది, మగ్గం వైపు చూసింది. ఉన్నట్టుండి గొంతు మార్చింది. "పోనీ తియ్యి నాయినా. పెండ్లోళ్లు పరేషాన్ అయితరు. చీర దిగినంకనే సూద్దాం."

"గిదీ నా బిడ్డ మాట" అన్నాడు బాలకిష్టయ్య సంతోషంగా.

కళావతి రాధ మాట వినడం లేదు. రాధ భుజాలు చూస్తోంది. అప్పటిదాకా చెవుల దగ్గరికి బిగుసుకుని ఉన్న ఆ భుజాలు మెల్లగా, హాయిగా కిందికి దిగాయి. బిందె దించినట్టు. పదహారేళ్లుగా తన ఒంట్లోనే మోస్తున్న ఆ కదలికను బయట, ఇంకొకరి ఒంటి మీద చూడడం ఆమెకు ఇదే మొదటిసారి.

"లే" అంది.

"ఏంది అత్తా?"

"లేసి పో. బస్సుకు యాళ్లయితుంది."

"వద్దంటున్న గద..."

"భయమైతే బస్సుల కూసొని భయపడు. ఈడ కూసోకు."

రాధ మొహం ఎర్రబడింది. దొరికిపోయిన పిల్లలా అత్త వైపు చూసి, నాడె కింద పెట్టి లేచింది.

"కళావతీ, సగం చీరనే!" అన్నాడు బాలకిష్టయ్య. "చెయ్యి మారితే గీత పడ్తది. పెండ్లోళ్లు చూస్తరు."

"చూడనీ."

ఆమె బయటికి పోయి చేతులు కడుక్కుంది. కొంగుకు తుడుచుకుంటూ తిరిగి వచ్చేసరికి వీధిలో రాధ పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు దూరమవుతోంది. కళావతి అంచు పక్కన కూర్చుంది. ఆ చోటు ఆమె అనుకున్నంత చిన్నదిగా లేదు. ఇంకా పిల్ల వేళ్ల వెచ్చదనం ఉన్న నాడెను తీసుకుని, పోగుల మధ్యలోంచి అన్న వైపు పంపింది.